డ్రెస్సింగ్ టేబుల్ ఎక్కిన షియా బటర్ గారికి

మహారాజశ్రీ షియా బటర్ గారి సముఖానికి,

కోనసీమ నుంచి, పుట్టిన దగ్గర్నుంచీ కొబ్బరినూనె రాసుకుంటున్న ఒక ఇల్లాలు చేసుకునే మనవి. ఇక్కడ మేమంతా క్షేమం. ఒంటికి రాసుకునే వెన్నగా పేరుపడ్డ తమరే క్షేమంగా లేరు. రోహిణి కార్తె ఎండలో కొరియర్ అబ్బాయి తెచ్చి ఇచ్చేసరికి డబ్బాలో నూనై తొణుకుతున్నారు. ఏసీ గదిలో పెడితే రాత్రికి గడ్డకట్టారు గానీ, వేలు పెడితే బొంబాయి రవ్వలా పలుకులు తగిలాయి. కల్తీ సరుకని మా అమ్మాయి ఒకటే గోల. కల్తీ కాదండీ. తమరిలోని కొవ్వులన్నీ ఒకే వేడి దగ్గర గడ్డకట్టవు. నెమ్మదిగా చల్లారితే కొన్ని ముందే పలుకు కడతాయి. డబ్బాని వేడినీళ్ల గిన్నెలో ఉంచి పూర్తిగా కరిగించి, వెంటనే ఫ్రిజ్‌లోకి తోశాం. నున్నగా, బుద్ధిగా బయటికొచ్చారు.

తమరి పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికాలో ఘనా, బుర్కినా ఫాసో వైపట. అక్కడి ఆడవాళ్లు షియా చెట్ల కాయలేరి, గింజలు ఉడకబెట్టి, ఎండబెట్టి, వేయించి, నూరి, ఆ ముద్దలో నీళ్లు పోసి చేత్తో గిలక్కొట్టి వెన్న తీస్తారు. అంత చాకిరీ చేసిన చేతుల బొమ్మ డబ్బా మీద లేదు. ఎవరో దొరసాని చెంప ఉంది.

ఇక తమరి బిరుదులు! ముడతలు పోతాయట, చారలు మాయమట, ఊడిన జుట్టు మొలుస్తుందట. తమరు నిజంగా చేసేది ఒంటి తేమ ఆవిరైపోకుండా మూతెయ్యడం. చిన్న పనేం కాదు. కానీ మూత కింద నీళ్లుండాలి కదా! స్నానం చేశాక ఒంటి తడి పూర్తిగా ఆరకముందే రాస్తే పనిచేస్తారు. పొలుసులు లేచిన పొడి కాలికి రాస్తే సగం దుప్పటికే. గర్భిణుల పొట్ట చారలా? తమరి జోడీదారు కోకో బటర్‌ని పరీక్షించి చూశారు, రాకుండా ఆపలేకపోయింది. జుట్టు కొసలకి కాస్త రాస్తే మెత్తబడతాయి, ఒప్పుకుంటాం. చుండ్రున్న మాడుకి పట్టిస్తే మాత్రం తలనొప్పే. వెంట్రుక లోపలికి దూరి ప్రోటీన్ పోకుండా కాసేది మా కొబ్బరినూనే, ఆయ్!

అసలు తమరి చుట్టపక్కాలంతా ఇక్కడే ఉన్నారు. గోదావరి జిల్లాల కొబ్బరితోటల నీడలో కోకో కాస్తోంది. గింజ పులిసి, ఎండి, చాక్లెట్ కంపెనీలకి వెళ్లిపోతుంది. మామిడి టెంకలోని జీడికి కూడా వెన్నుంది, మేం టెంకని పెంట మీదికి విసిరేస్తాం. ఎగువన ఏజెన్సీలో ఇప్పచెట్టు, మా పెరట్లో సపోటా తమరి కుటుంబంలోవే. ఇప్పగింజల నూనె చలికి పేరుకుంటే అచ్చం తమరి పోలికే. దాన్నెవరూ గాజు డబ్బాలో పెట్టి రిబ్బన్ కట్టరు, పాపం.

అలాగని తమరిని బయట పారెయ్యలేదు. మా అత్తయ్యగారి మడమలు చీలి నడవలేకపోతుంటే, రాత్రిళ్లు కాళ్లు గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, ఒత్తి తుడిచి, తమరిని రాసి మేజోళ్లు తొడిగాం. చీలికలు పూడాయి. "ఇంత ఖరీదైంది కాళ్లకా?" అని ఆవిడ ఇంకా నొచ్చుకుంటూనే ఉన్నారు.

ప్రస్తుతం తమరి మకాం డ్రెస్సింగ్ టేబుల్ మీద కాదు, దొడ్డిగుమ్మం పక్కన కాళ్లు కడుక్కునే గట్టు మీద. ఎండ తగలకుండా పైన కొబ్బరిచిప్ప బోర్లించాం.

ఇట్లు,
ముఖానికి రాసుకోని ఒక కొనుగోలుదారు