ఆటలో అరటిపండు

ఆడుతూ పాడుతూ చేసే ఉద్యోగం ఈ లోకంలో ఏదైనా ఉంటే అది బొమ్మల డిజైనర్‌దేనని చాలామంది నమ్మకం. వాళ్లను నేను తప్పుపట్టను. ఆ ఉద్యోగం చేయడం లేదు కాబట్టి వాళ్లకు హాయిగా నిద్ర పడుతోంది.

బొమ్మల డిజైనర్ ఆఫీసులో ఆటలుండవు. మీటింగులుంటాయి. గుడ్డ ఎలుగుబంటి కనుబొమ్మ పైకి ఉండాలా కిందికి ఉండాలా అన్నదాని మీద పదిమంది పెద్దమనుషులు గంటన్నరసేపు చర్చిస్తారు. పైకి ఉంటే కరెంటు బిల్లు చూసినట్టుంది. కిందికి ఉంటే అప్పులవాడు తలుపు కొట్టినట్టుంది. చివరికి 'ఆప్యాయంగా ఉండాలి, కానీ మరీ చనువు ఇవ్వకూడదు' అని తీర్మానిస్తారు. ఆ చూపును ఆరు కుట్లలో తెప్పించడం డిజైనర్ పని. ఏడో కుట్టుకు బడ్జెట్ లేదు.

కుట్లెందుకు, రెండు గుండీలు పెడితే కళ్లయిపోవా అంటారేమో. అవవు. అమెరికాలో దీనికోసం ఒక గొట్టం ఉంది. వెడల్పు 31.7 మిల్లీమీటర్లు. అడుగు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి లోతు ఒకవైపు 25.4, ఇంకోవైపు 57.1 మిల్లీమీటర్లు. మూడేళ్లలోపు బిడ్డ గొంతు బాగా తెరుచుకుంటే సుమారు అంత ఉంటుందని లెక్క. బొమ్మలోంచి ఊడిన ముక్క ఏదైనా ఆ గొట్టంలో పూర్తిగా పట్టిందా, ఆ వయసు పిల్లలకు ఆ బొమ్మ అమ్మడానికి వీల్లేదు. ముక్క దానంతటది ఊడదు కదా, అందుకని ఊడగొట్టడానికి ల్యాబుల్లో జీతాలిచ్చి మనుషుల్ని పెట్టారు. ఏడాదిన్నరలోపు పిల్లల బొమ్మనైతే 137 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పదిసార్లు పడేస్తారు. మెలితిప్పుతారు, లాగుతారు, నొక్కుతారు. ఇదే పని ఇంట్లో పిల్లవాడు చేస్తే తిట్లు పడతాయి, అక్కడ చేస్తే ప్రమోషన్ వస్తుంది.

ఆ గొట్టాన్ని వెక్కిరించే ధైర్యం నాకు లేదు. దాని వెనక ఊపిరాడక పోయిన పసిపిల్లలున్నారు. నా బాధంతా డిజైనర్ గురించే. ఈ పనిలో పదేళ్లున్న మనిషి దేన్ని చూసినా ఆ గొట్టంలో పడుతుందా పట్టదా అనే చూస్తాడు. మీరు ఎదురుగా కూర్చుని మీ కష్టాలు చెప్పుకుంటుంటే ఆయన కళ్లు మీ చొక్కా గుండీ మీద ఉంటాయి.

ఇంతకీ బొమ్మ బాగుందో లేదో ఎవరు చెప్పాలి? పిల్లలే చెప్పాలి అనుకుంటాం. కానీ పెద్ద బొమ్మల సంతలకు వెళ్లి చూడండి. వెళ్లలేరు లెండి, జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో ఏటా జరిగే సంత వ్యాపారులకే పరిమితం, మామూలు జనానికి ప్రవేశం లేదు. గంభీరమైన ముఖాలతో పెద్దలు రబ్బరు డైనోసార్ పొట్ట నొక్కి, అది కీచుమంటే తల పంకించి, ఆర్డరు పుస్తకం తీస్తారు. అలాగని కంపెనీలో పిల్లవాణ్ణి ఆటలో అరటిపండు అనడానికీ లేదు. నచ్చకపోతే కనీసం ఏడుస్తాడు. డిజైనర్‌కు ఆ హక్కు కూడా లేదు.

కాబట్టి ఈ రంగంలో పైకి రావాలనుకునే యువతకు నా సలహా ఒకటే: దయచేసి బొమ్మల డిజైన్ నేర్చుకోకండి. 1943లో రిచర్డ్ జేమ్స్ అనే ఇంజనీరు ఓడల్లో సున్నితమైన పరికరాలు కుదుపులకు చెడిపోకుండా స్ప్రింగులతో కుస్తీ పడుతున్నాడు. ఒక స్ప్రింగు జారిపడి, నడక నేర్చినట్టు అడుగులు వేసుకుంటూ దిగింది. మెట్లు దిగే స్ప్రింగు బొమ్మ స్లింకీ అలా పుట్టింది. 1945లో ఫిలడెల్ఫియాలో ఒక దుకాణంలో పెడితే గంటన్నరలో 400 అమ్ముడుపోయాయి. మన కనుబొమ్మ మీటింగుకు పట్టిందీ గంటన్నరే. పేరు పెట్టింది ఆయన భార్య బెట్టీ. 1960లో ఆయన కంపెనీని, భార్యను, ఆరుగురు పిల్లల్ని వదిలేసి ఒక మత బృందంతో బొలీవియా వెళ్లిపోయాడు. అప్పుల్లో మునిగిన కంపెనీని బెట్టీ ఒడ్డున పడేసి, దశాబ్దాలపాటు నడిపింది. మెట్లు దిగి చల్లగా వెళ్లిపోవడం ఆ బొమ్మకు ఎక్కడి నుంచి అబ్బిందో వేరే చెప్పాలా?

మిగతావాళ్లూ అంతే, వేరే పనిలో ఉండగా బొమ్మ తగిలినవాళ్లే. గోడకాగితాల మసి తుడిచే ముద్ద పిల్లల చేతికొచ్చి ప్లే-డో అనే ఆటముద్ద అయింది. హీట్ పంపు ప్రయోగం చేసుకుంటున్న నాసా ఇంజనీరు లోనీ జాన్సన్ బాత్‌రూమ్‌లో నీళ్లు దూసుకుపోతే అది సూపర్ సోకర్ నీళ్ల తుపాకీ అయింది. బుడాపెస్ట్‌లో పాఠాలు చెప్పుకునే ఎర్నో రూబిక్ 1974లో తన క్యూబ్ చేసి, నాలుగు తిప్పులు తిప్పి, మళ్లీ రంగులు కలపడానికి సుమారు నెలరోజులు తంటాలు పడ్డాడు. మంచి కంపెనీలో ఉద్యోగం చేస్తూ ఉంటే మొదటి మీటింగులోనే దాన్ని పక్కన పడేసేవాళ్లు, 'తయారుచేసినవాడికే రాలేదు' అని.

పనిగట్టుకుని ఆట తయారుచేస్తే ఏమవుతుందో లిజీ మాగీ చూసింది. భూమి నలుగురి చేతుల్లో పోగుపడితే మిగతావాళ్ల గతి ఏమిటో ఆడించి చూపాలని ఒక బోర్డు గేమ్ చేసి, 1904లో పేటెంట్ తీసుకుంది. దాన్నుంచి పుట్టిన ఆటను చార్లెస్ డారో తన సొంత ఆటగా అమ్మి ధనవంతుడయ్యాడు. ఆమె పేటెంట్‌ను ఆ ఆట అమ్మే పార్కర్ బ్రదర్స్ కంపెనీ 500 డాలర్లకు కొనేసింది, రాయల్టీ లేదు. ఆ ఆటే మోనోపలీ. పాఠం మొదట కన్నతల్లికే చెప్పింది.

సరే, ఇన్ని గండాలూ గడిచి బొమ్మ ఒక ఇంటికి చేరిందనుకుందాం. అది పారిపోతుందేమో అన్నట్టు కాళ్లకూ చేతులకూ నడుముకూ తీగలు చుట్టి అట్టకు కట్టేసి ఉంటుంది. తండ్రి కత్తెర తెచ్చి, వేలు కోసుకుని, ఒక్కో ముడీ విప్పుతాడు. ఆఖరి ముడి విప్పి తలెత్తేసరికి పిల్లవాడు ఖాళీ పెట్టెలో కూర్చుని బస్సు నడుపుతుంటాడు. బొమ్మకు సీటు లేదు.

అమెరికాలోని రోచెస్టర్‌లో బొమ్మలకు ఒక హాల్ ఆఫ్ ఫేమ్ ఉంది. 2005లో అందులో అట్టపెట్టెకు చోటిచ్చారు. 2008లో కర్రకు. 2011లో దుప్పటికి, 2021లో ఇసుకకు. ముప్పై ఏళ్లు ఎలుగుబంటి కనుబొమ్మలు కుట్టిన మనిషి పొద్దున్నే కాఫీ తాగుతూ ఈ వార్త చదవడం ఊహించుకోండి. కర్రకు మీటింగు జరిగిందా? ఏ వయసు వారికో రాసి ఉందా? ల్యాబ్‌కు పంపితే మొన పదునుకే ఫెయిల్. ఆ గండం గడిచినా మార్కెటింగ్ వాళ్లు 'ఇంతకీ ఇదేంటి?' అని అడుగుతారు. కత్తి, గుర్రం, మైకు, బ్యాటు, పాము, రాజదండం అని రాస్తూపోతే పెట్టె మీద చోటు చాలదు. అసలు పెట్టె లేకుండా అమ్మలేరు. పెట్టె వచ్చాక ఇక కర్ర మొహం ఎవడు చూస్తాడు?