జపాన్ నుంచి తిరిగొచ్చే చేతులు

కూర్చున్న పెద్దాయనను నిలబెట్టాలంటే మన ఇళ్లలో రెండు రెక్కలూ పట్టుకుని లాగుతాం. జపాన్‌లో సంరక్షణ పని నేర్చుకున్న అమ్మాయి అలా చేయదు. లేపబోతున్నానని ముందు చెబుతుంది. పాదాలు నేలకు ఆనేలా జరుపుతుంది, కాస్త ముందుకు వంగమంటుంది. ఒంట్లో మిగిలి ఉన్న బలంతో ఆయనే లేస్తారు, ఆమె పట్టు ఇస్తుంది అంతే.

ఇలాంటి పనివాళ్లను ఇంటికి పంపే పద్ధతిని జపాన్ ఒంటరిగా కనిపెట్టలేదు. 1995లో జర్మనీ తెచ్చిన సంరక్షణ బీమాను గమనించి, 2000 ఏప్రిల్‌లో తనదీ మొదలుపెట్టింది. అక్కడ 40 ఏళ్లు నిండినవారంతా ప్రీమియం కడతారు. 2008లో దక్షిణ కొరియా అదే దారి పట్టింది. అయితే జపాన్ గుడ్డిగా అనుకరించలేదు. ఇంట్లో చూసుకునేవారికి జర్మనీ నగదు ఇస్తుంది. అలా డబ్బు చేతిలో పెడితే చాకిరీ అంతా కోడళ్ల నెత్తినే ఉండిపోతుందని జపాన్ మహిళా సంఘాలు గట్టిగా వాదించాయి. అందుకే అక్కడ డబ్బుకు బదులు మనిషిని పంపుతారు.

ఆ వాదన మన ఊళ్లకు అచ్చంగా సరిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను 2024లో 4,000 రూపాయలైంది. పెద్దలకు అది నిజంగా ఆసరా, కాదనలేం. కానీ మంచాన పడ్డ అత్తను రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే వీపున పుండ్లు పడతాయి. ఆ తిప్పేది ఎవరు? కూలికి వెళ్లకుండా ఇంట్లో ఆగిపోయిన కోడలే. ఎలా తిప్పాలో ఆమెకు చూపించినవాళ్లు లేరు.

మన పనివాళ్లు జపాన్ వెళ్లి పనిచేసేందుకు 2021 జనవరిలో రెండు దేశాలూ కుదుర్చుకున్న ఒప్పందంలో వృద్ధుల సంరక్షణ పని కూడా ఉంది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ మన యువతను ఆ దేశానికి పంపుతోంది. ఆ ఒప్పందం కింద దొరికే వీసా మీద మామూలుగా ఉండగలిగేది 5 ఏళ్లే. అక్కడి జాతీయ పరీక్ష పాసైనవారు ఇంకా ఉండొచ్చు, మిగతావారు తిరిగి రావాల్సిందే. వచ్చాక వాళ్లకు ఇక్కడ ఏ ఉద్యోగం సిద్ధంగా ఉంది? ఐదేళ్ల అనుభవాన్ని పక్కన పడేసి ఏ షాపులోనో బిల్లులు కొట్టుకోవాల్సి వస్తే మన పెద్దలకు అన్యాయం జరిగినట్టే.

పంపే రోజునే పేర్లు రాసిపెట్టుకుని, తిరిగొచ్చినవారికి మండలానికి ఇద్దరి చొప్పునైనా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉద్యోగం ఇవ్వాలని రెండు రాష్ట్రాల ప్రభుత్వాలనూ కోరుతున్నాం. ఆశా కార్యకర్తలకూ, ఇళ్లలోని ఆడవాళ్లకూ, మగవాళ్లకూ వాళ్లే నేర్పుతారు. కేరళలోని మలప్పురంలో మంచాన పడ్డవారిని చూసి రావడానికి ఇరుగుపొరుగువారే వలంటీర్లుగా వెళ్తున్నారు. మన అధికారులు ముందు రైలెక్కి అక్కడికి వెళ్లి, నాలుగు ఇళ్లు తిరిగి రావాలి.