కనబడుట లేదు

పేరు: నేర్పుతాం. జాతి: క్రియ, అందులోనూ సమాపక క్రియ. ఎత్తు: మూడక్షరాలు. గుర్తులు: నడుం దగ్గర ఒక పావత్తు, చివర ఒక సున్న. చివరిసారిగా ఒక విద్యా సంస్థ గోడ మీద 'పిల్లలకు', 'చదవడం' అనే ఇద్దరు తోటివారితో కలిసి కనిపించింది. సంస్థ వారు రెండు రోజుల వర్క్‌షాప్ పెట్టుకుని తమ లక్ష్యాన్ని, విలువలను, నాయకత్వ పద్ధతిని నవీకరించుకున్న నాటి నుంచి జాడ లేదు. ఆచూకీ తెలిపిన వారికి ఎటువంటి పారితోషికమూ ఇవ్వబడదు, ఆ పద్దు కింద ఉన్నదంతా వర్క్‌షాప్ నడిపిన ఫెసిలిటేటర్ గారి ఫీజుకి సరిపోయింది.

నవ్వులాటగా రాస్తున్నాననుకోకండి. ఆ సంస్థతో నాకు పదమూడేళ్ల సంబంధం. సాయంత్రం పూట రెండు గదుల్లో పిల్లల్ని కూర్చోబెట్టి చదవడం నేర్పేవాళ్లు. అంతే పని. బయట గోడకి ఒక రేకు బోర్డు, దాని మీద "పిల్లలకు చదవడం నేర్పుతాం" అని మూడు మాటలు. అది మిషన్ స్టేట్‌మెంట్, అంటే సంస్థ లక్ష్యాన్ని చెప్పే వాక్యం, అని అప్పట్లో ఎవరికీ తెలియదు, ఏం చేస్తారో రాసిన బోర్డు అనుకునేవాళ్లం. అక్కడి టీచరమ్మ ఆ బోర్డునే మొదటి పాఠంగా వాడేది. ఒకసారి పరీక్షగా చూడండి, అందులో తలకట్టు ఉంది, దీర్ఘం ఉంది, గుడి ఉంది, కొమ్ము ఉంది, ఏత్వం ఉంది, రెండు సున్నలున్నాయి, 'ల్ల' రూపంలో ద్విత్వం ఉంది, 'ర్పు' రూపంలో సంయుక్తం ఉంది. ముందు 'చదవడం', అందులో ఒత్తులు లేవు కాబట్టి. అది వచ్చాక 'పిల్లలకు'. అన్నిటికన్నా చివర 'నేర్పుతాం'. ఆ మూడో మాట దాటిన పిల్ల పుస్తకం పట్టుకునేది. లక్ష్యమూ పాఠమూ ఒకే రేకు మీద ఉన్న సంస్థ ఇంకోటి నాకు తెలియదు.

అలాంటి దాన్ని ఎవరైనా ఊరికే వదిలేస్తారా?

ఇప్పుడు కొత్తది వినండి. కూర్చుని వినండి. "బహుభాగస్వామ్య సమన్వయంతో అభ్యాసక-కేంద్రిత పరివర్తనాత్మక అభ్యసన పర్యావరణ వ్యవస్థల సహసృష్టికి ఉత్ప్రేరకంగా నిలవడం." అయిపోయింది. అంటే అవలేదు, కానీ వాక్యం అక్కడ ఆగిపోయింది. చిన్నప్పుడు తెలుగు మాస్టారు బెత్తం పట్టుకుని మరీ చెప్పిన సంగతి ఏమిటంటే, సమాపక క్రియ లేకపోతే వాక్యం ముగియదు అని. వీళ్ల లక్ష్యం ముగియదు, ముగిసే ఉద్దేశమూ లేదు, ఎవరు చేస్తారో కూడా అందులో లేదు. 'నేర్పుతాం'లో చివర 'ఆం' ఉంది చూశారూ, దానర్థం మేము. మేమే. నేర్పకపోతే మా చొక్కా పట్టుకోండి అని. 'నిలవడం'లో పట్టుకోవడానికి చొక్కా లేదు. కరెంటు స్తంభం కూడా నిలుస్తుంది, దాని కింద కూర్చుని నలుగురు పిల్లలు చదువుకున్నారని విన్నాను కూడా.

ఇక ఆ ఉత్ప్రేరకం. హైస్కూల్ రసాయనశాస్త్రంలో దీనికి నిర్వచనం ఉంది: చర్య వేగాన్ని మారుస్తుంది, చివరికి తాను మాత్రం మార్పు చెందకుండా బయటికొస్తుంది. వర్క్‌షాప్‌లోకి వెళ్లినవాళ్లు, బయటికొచ్చినవాళ్లు ఇద్దర్నీ దగ్గర్నుంచి చూసినవాడిగా చెబుతున్నాను, ఆ పదం ఎంపికలో తప్పు పట్టడానికేం లేదు.

నన్నెందుకు పిలిచారంటే, పాత వాలంటీర్ల కోటాలో పిలిచారు. మెడలో ట్యాగు, చేతిలో పసుపు, గులాబీ రంగుల స్టికీ నోట్ల కట్టలు. ఆ అంటుకునే కాగితాన్ని త్రీఎమ్ కంపెనీ 1980లో మార్కెట్లోకి తెచ్చింది. దాని గొప్పతనమంతా గట్టిగా అంటుకోకపోవడంలోనే ఉంది, ఇట్టే ఊడొస్తుంది. విలువలు రాయడానికి అంతకన్నా తగిన వస్తువు దొరకదు.

మొదటి రోజు మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా జరిగిన చర్చను నేను మనవళ్లకు చెప్పుకుంటాను. సమస్య 'పిల్లలకు' అనే మాటతో మొదలైంది. ఫెసిలిటేటర్ గారు కళ్లజోడు తీసి, బాధగా, "ఈ 'కు'లో ఏదో పైనుంచి కిందికి ఇస్తున్న ధోరణి వినిపించడం లేదా మీకు?" అన్నారు. మాకు వినిపించలేదు కానీ తలలూపాం. అయితే 'పిల్లల కొరకు' అందామని ఒకావిడ. అది దానధర్మంలా ఉందని ఇంకొకాయన. సరే 'పిల్లలతో' అన్నారు, చప్పట్లు కొట్టారు, గోడ మీద అంటించారు కూడా, అంతలో వెనక బల్ల నుంచి ఎవరో "పిల్లలతో అంటే పిల్లలతో పని చేయిస్తున్నామనే అర్థం రాదా?" అనేసరికి గదిలో సూది పడితే వినిపించేంత నిశ్శబ్దం. గబగబా ఆ కాగితం పీకేశారు. 'పిల్లల చేత' ఇంకా ఘోరం. 'పిల్లలను గురించి' అంటే రిపోర్టులు రాసుకునే సంస్థలా ఉంటుందన్నారు (ఉండటం ఏమిటో). 'పిల్లల వలన' అని ఎవరో అనగానే ఫండింగ్ చూసే కుర్రాడు పాపం నోరు జారి "పిల్లల వలనే కదండీ మనకి గ్రాంట్లు" అన్నాడు. ఆ రెండు రోజుల్లో వినిపించిన ఒకే ఒక్క నిజం అది. దాన్ని ఎవరూ స్టికీ నోట్ మీద రాసుకోలేదు. 'పిల్లలయందు' దగ్గరికి వచ్చేసరికి సాయంత్రం ఐదైంది. ప్రథమ నుంచి సప్తమి దాకా విభక్తులన్నీ అయిపోయాయి, మిగిలింది సంబోధన. 'ఓ పిల్లలారా' అని పెట్టుకుందామా అని నేనే అడిగాను. చాలా సీరియస్‌గా ఆలోచించారండీ. ఒకాయన నోట్ చేసుకున్నారు కూడా.

చివరికి ఎలా తెమిల్చారో తెలుసా? ప్రత్యయం తేలడం లేదని నామవాచకాన్నే తీసేశారు. పిల్లలు పోయారు. వాళ్ల స్థానంలో 'అభ్యాసక-కేంద్రిత' వచ్చింది. సమాసం చేసేస్తే విభక్తి దానంతటదే లోపిస్తుంది కదా, గొడవ లేదు. ఎవరికి, ఎవరి కోసం, ఎవరితో అనే ప్రశ్నలన్నీ ఒక్క అడ్డగీతతో తీరిపోయాయి.

ఇంతసేపూ టీచరమ్మ ఒక మూల కుర్చీలో కూర్చుని ఉంది. ఆవిడకీ ఒక స్టికీ నోట్ల కట్ట ఇచ్చారు, అందరి గొంతూ వినాలని. ఆవిడ ఒకే కాగితం మీద రాసింది: "రెండో స్థాయి పుస్తకాలు ఎప్పుడొస్తాయి సార్?" ఫెసిలిటేటర్ గారు దాన్ని చదివి, చాలా విలువైన ప్రశ్న అమ్మా అని మెచ్చుకుని, పక్కన తలుపు దగ్గర వేలాడదీసిన చార్టు మీద అంటించారు. ఆ చార్టు పేరు పార్కింగ్ లాట్. చర్చకు అడ్డొచ్చే విషయాల్ని ప్రస్తుతానికి అక్కడ నిలిపి ఉంచుతారట. రెండో రోజు సాయంత్రం చార్టులన్నీ చుట్టేటప్పుడు చూశాను, అది ఊడి కింద పడి ఉంది. పుస్తకాలు ఇంకా అక్కడే పార్క్ చేసి ఉన్నట్టున్నాయి.

రెండో రోజు విలువలు. ఐదు కావాలని ముందే నిర్ణయమైంది, డిజైనర్ ఐదు వేళ్ల బొమ్మ వేసేశాడు కాబట్టి. సమగ్రత, సహానుభూతి, సమ్మిళితం, సృజన, సుస్థిరత. అన్నీ 'స'తోనే, గుణింతం బాగా వచ్చినవాళ్లు చేసిన పని. విలువలు గోడకెక్కించడం మంచిదే, అమెరికాలో ఎన్రాన్ అనే ఇంధన కంపెనీ కూడా తన 2000 సంవత్సరపు వార్షిక నివేదికలో గౌరవం, నిజాయితీ, సమాచార మార్పిడి, శ్రేష్ఠత అని నాలుగు విలువలు అచ్చు వేయించుకుంది. లెక్కల మోసాలు బయటపడి 2001 డిసెంబరులో దివాలా తీసింది. మనవాళ్లవి ఐదు, కాబట్టి ఇంకో ఏడాది అదనంగా నడవచ్చు.

నాయకత్వం సంగతికొస్తే, ఇక మీదట 'సేవక నాయకత్వం', అంటే ముందు సేవ, ఆ తర్వాతే నాయకత్వం. ఆ మాటను 1970లో రాసిన వ్యాసంతో ప్రచారంలోకి తెచ్చింది అమెరికా టెలిఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీలో పనిచేసి రిటైరైన రాబర్ట్ గ్రీన్‌లీఫ్. స్లైడు మీద ఆయన ఫొటో వేశారు. ఆయన పెట్టిన పరీక్షను మాత్రం వేయలేదు. సేవ అందుకున్నవాళ్లు మనుషులుగా ఎదిగారా, అందరికన్నా వెనకబడ్డవాడికి ఏమైనా ఒరిగిందా, కనీసం ఉన్నది పోకుండా ఉందా అన్నది ఆయన అడిగిన ప్రశ్న. అది స్లైడులో పడితే తర్వాతి స్లైడు వేయడం కష్టం. తర్వాతి స్లైడు ఏమిటంటే, సంస్థలో ఎవరి కింద ఎవరో చూపే పాత నిచ్చెన లాంటి పట్టిక తీసేసి వృత్తం గీశారు. ఇక ఎవరూ పైన లేరు, కింద లేరు. మధ్యలో డైరెక్టర్ గారు ఉన్నారంతే. టీచరమ్మ గీత మీద ఉంది, ఇంకొంచెం జరిగితే పడిపోతుంది. వృత్తంలో అందరం నాయకులమే కాబట్టి మూడు నెలలుగా ఆవిడ గౌరవ వేతనం ఎందుకు రాలేదో ఎవరిని అడగాలో తెలియడం లేదు. నిచ్చెన ఉన్నప్పుడు కనీసం తల ఎత్తితే ఎవరో ఒకరు కనిపించేవారు.

లక్ష్యం మార్చుకోవడమే తప్పని నేననడం లేదు. అమెరికాలో 1938లో పోలియో మీద పోరాడటానికి ఒక సంస్థ పెట్టారు, మార్చ్ ఆఫ్ డైమ్స్ అంటే అందరికీ తెలుస్తుంది. 1955లో సాల్క్ పోలియో టీకా పనిచేస్తుందని తేలింది. ఆ తర్వాత 1958లో వాళ్లు పుట్టుకతో వచ్చే లోపాల మీదికి దృష్టి మళ్లించారు. పని అయ్యాక మార్చుకున్నారు, పద్ధతిగా ఉంది. మన విషయంలో ఏమైందట? పిల్లలందరికీ చదవడం వచ్చేసిందా, ఇంక ఖాళీగా ఉన్నామని కొత్త పని వెతుక్కున్నారా? తక్కువ, మధ్య ఆదాయ దేశాల్లో పదేళ్ల పిల్లల్లో 70 శాతం మంది ఒక చిన్న పేరా చదివి అర్థం చేసుకోలేరని ప్రపంచ బ్యాంకు, యునెస్కో, యూనిసెఫ్ లాంటి సంస్థలు కలిసి 2022లో అంచనా వేశాయి. కరోనాకి ముందు ఆ లెక్క 57.

పెద్దవాళ్లను చూసి చిన్నవాళ్లు నేర్చుకుంటారు లెండి. 1990లో థాయ్‌లాండ్‌లోని జోమ్‌టియన్‌లో దేశాలన్నీ కూర్చుని 2000 కల్లా పిల్లలందరికీ ప్రాథమిక విద్య అన్నాయి. 2000లో సెనెగల్‌లోని డకార్‌లో కూర్చుని 2015 అన్నాయి. 2015లో దక్షిణ కొరియాలోని ఇంచియాన్‌లో కూర్చుని 2030 అన్నాయి. ప్రతిసారీ కొత్త పత్రం వచ్చింది, గడువు ముందుకు జరిగింది. 2030 ఎంతో దూరంలో లేదు, ఎవరో ఒకరు ఈపాటికే హాలు బుక్ చేసే ఉంటారు.

మీకొక పిల్లను చూపిస్తాను. పదేళ్లు. పుస్తకంలో చెరువు బొమ్మ, చెరువులో బాతు, కింద 'చెరువు' అని రాసి ఉంది. వేలు ఆ మాట కింద పెట్టి, కళ్లు మాత్రం బొమ్మ మీదికి దొంగచాటుగా పంపించి, గట్టిగా, ధైర్యంగా "బాతు" అని చదువుతుంది. ఆ ధైర్యం చూస్తే కడుపులో తిప్పుతుంది. ఐదేళ్లు బడికి వెళ్లి తను నేర్చుకున్నది అది, చదువు రాకపోవడాన్ని ఎలా దాచుకోవాలో. టీచరమ్మ ఏమీ అనదు. బొమ్మను అరచేత్తో మూసి, "ఇప్పుడు చదువమ్మా" అంటుంది. పిల్ల ఆగిపోతుంది. చె. చాలాసేపు. రు. ఇద్దరూ అలా కూర్చుని ఉంటారు. ఈ పనికి పేరు నేర్పడం. దీనికి పర్యావరణ వ్యవస్థ అక్కర్లేదు, ఒక మనిషి కావాలి, రోజూ రావాలి, ఆ మనిషికి నెల తిరిగేసరికి డబ్బులివ్వాలి.

దాన్ని ఆపేశారు. చెబితే నమ్ముతారో లేదో, "ప్రత్యక్ష బోధన ఇక మన పాత్ర కాదు, మనం ఉత్ప్రేరకాలం" అని ఒక ఈమెయిల్ పెట్టి సాయంత్రం క్లాసులు మూసేశారు. దాతలు ఇప్పుడు పిల్లల్ని లెక్కబెట్టే పనులకు డబ్బివ్వడం లేదట, వ్యవస్థల్ని మార్చే పనులకే ఇస్తున్నారట. అయితే ఆ మాట చెప్పొచ్చుగా! డబ్బు అటు వెళ్తోంది కాబట్టి మేమూ అటు వెళ్తున్నాం అని చెప్పండి, అర్థం చేసుకుంటాం, ఎవరికి ఉండవు ఇబ్బందులు. దానికి రెండు రోజులు స్టికీ నోట్లు అంటించి, మాతో తలలూపించి, ఆ పిల్ల వేలు మాట మధ్యలో ఉండగా పుస్తకం లాక్కుని, దానికి సహానుభూతి అని పేరు పెట్టడం దేనికి? సిగ్గుండక్కర్లేదా? 'సహసృష్టి' అట. 'చెరువు' చదవలేని పిల్లతో కలిసి ఏం సృష్టిస్తారు మీరు, బాతునా?

క్లాసులు మూశారు కానీ మొన్న అటు వెళితే టీచరమ్మ ఇంటి వరండాలో పదకొండు మంది పిల్లలు కూర్చుని ఉన్నారు. గోడకి ఆనించి ఆ పాత రేకు బోర్డు. దించి తుక్కులో వేస్తుంటే అడిగి తెచ్చుకుందట. దాని గురించి ఆఫీసు నుంచి ఈమధ్యే ఒక ఉత్తరం కూడా వచ్చింది, చూపించింది. పాత లోగో ఉన్న సామగ్రిని వాడటం కొత్త బ్రాండ్ నియమాలకు విరుద్ధమని, సదరు బోర్డును వారం లోగా తిరిగి అప్పగించాలని. అన్ని నెలల్లో జీతం గురించి రాని ఉత్తరం బోర్డు గురించి వచ్చింది.

కింద ఆవిడ జవాబు పెన్సిల్‌తో రాసి ఉంచుకుంది, పోస్టు చేయడానికి. "తప్పకుండా ఇచ్చేస్తాను సార్. ఇద్దరు పిల్లలు ఇంకా మూడో మాట దగ్గరే ఉన్నారు. వాళ్లకి రాగానే."