చట్టం ఉంది కదా, ఇంకా కేసులెందుకంటే

వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: "వికలాంగులకు చట్టాలు కావలసినన్ని ఉన్నాయి. ఇప్పుడు మారాల్సింది మనుషుల మనసు. కోర్టుకు ఈడిస్తే కోపాలు పెరుగుతాయి తప్ప మేలు జరగదు. కొద్దిమంది కోసం అంత ఖర్చు ఎవరు భరిస్తారు? ఇంట్లోవాళ్లు ఉన్నారు, వాళ్లే చూసుకుంటారు."

చదవడానికి పెద్దమనిషి మాటల్లా ఉన్నాయి. రాసినవాళ్లకు దురుద్దేశం ఉందని నేను అనను. కానీ ఇందులో ఒక్క మాటా నిలబడదు. చివరి మాటైతే ప్రమాదకరం కూడా.

"చట్టాలు కావలసినన్ని ఉన్నాయి"

ఉన్నాయి, కాగితం మీద. అమెరికాలో 1973లో ఒక చట్టం వచ్చింది. కేంద్ర నిధులు తీసుకునే ఏ సంస్థా వైకల్యం పేరుతో ఎవరినీ దూరం పెట్టకూడదని అందులోని 504వ సెక్షన్ చెప్పింది. దాన్ని అమలు చేసే నిబంధనల మీద మాత్రం దాదాపు నాలుగేళ్లపాటు సంతకం పడలేదు. 1977 ఏప్రిల్‌లో వికలాంగులు శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫెడరల్ భవనంలోకి వెళ్లి బైఠాయించారు. మూడు వారాలు దాటినా కదల్లేదు. ఏప్రిల్ 28న సంతకం పడింది. చట్టం చేసిన నాలుగేళ్లలో రాని కదలిక ఆ మూడు వారాల్లో వచ్చింది.

భారతదేశంలో కథ ఇంకో రకం. 2016 వికలాంగుల హక్కుల చట్టం భవనాలు, రవాణా, సమాచారం అందరికీ అందుబాటులో ఉండాలని గట్టిగానే చెప్పింది. దాని కింద 2017లో వచ్చిన నియమాల్లో 15వది ఏ ప్రమాణాలు పాటించాలో చెప్పే నియమం. తీరా చూస్తే అది చూపించిన మార్గదర్శకాల్లో చాలావరకు "ఇలా చేస్తే మంచిది" తరహావే. చూపులేని రాజీవ్ రాతూరి 2005లో వేసిన పిటిషన్‌పై సుప్రీంకోర్టు 2024 నవంబర్ 8న ఈ సంగతి తేల్చింది. చట్టం "తప్పనిసరి" అన్నదాన్ని నియమం "మీ ఇష్టం" కిందికి దించడం చెల్లదంది. తప్పనిసరి ప్రమాణాలను విడదీసి మూడు నెలల్లో నియమాలు తేవాలని ప్రభుత్వాన్ని ఆదేశించింది. పిటిషన్‌కీ ఈ తీర్పుకీ మధ్య పంతొమ్మిదేళ్లు. ఈ లొసుగును చట్టాలు చాలనుకునేవాళ్లు పట్టుకోలేదు, కేసు నడవడం వల్లే అది బయటపడింది. అందుకే ఈ రంగంలో పనిచేసే లాయర్ల మొదటి జాబితాలో కొత్త చట్టాలకన్నా గడువులు, జరిమానాలు, తప్పనిసరి ప్రమాణాలే ముందుండాలి.

"మారాల్సింది మనుషుల మనసు"

మారాలి, ఎవరు కాదన్నారు? కానీ చాలాచోట్ల అడ్డుపడేది చెడ్డ మనసు కాదు, ఒక నిబంధన. రాసేటప్పుడు చెయ్యి బిగుసుకుపోయే రైటర్స్ క్రాంప్ ఉన్న వికాశ్ కుమార్ అనే అభ్యర్థి సివిల్స్ పరీక్షకు స్క్రైబ్, అంటే తాను చెబుతుంటే రాసిపెట్టే మనిషి కావాలన్నాడు. నిబంధనల్లో ఉన్న వర్గాల్లోకి రావనీ, 40 శాతం వైకల్యం లేదనీ కుదరదన్నారు. అక్కడ అతన్ని ఎవరూ ఎగతాళి చేయలేదు, రూలు చదివి వినిపించారు, అంతే. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్క్రైబ్ సౌకర్యాన్ని 40 శాతానికి ముడిపెట్టడం తప్పంది. 2022లో ప్రభుత్వం ఆ గీత కింద ఉన్నవాళ్ల కోసం మార్గదర్శకాలు ఇచ్చింది. ఒక్కడి కేసుతో అతనికి పరిచయమే లేని ఎంతోమందికి దారి ఏర్పడింది.

ఫోన్‌లో కేవైసీ, అంటే మనం ఎవరో తేల్చుకునే తనిఖీ సంగతి చూడండి. మొహం చట్రంలో పెట్టమంటుంది, ఆ తర్వాత "కళ్లు ఆర్పండి" అంటుంది. యాసిడ్ దాడిలో కనురెప్పలు కాలిపోయిన మనిషి ఎలా ఆర్పాలి? చూపులేని మనిషికి మొహం చట్రంలో ఉందో లేదో ఎలా తెలియాలి? టైమ్ అయిపోతుంది, మళ్లీ మొదటినుంచి. అకౌంట్ తెరుచుకోదు, సిమ్ రాదు. ఇక్కడ మనం ఎవరి మనసు మార్చాలి, యాప్‌దా? యాసిడ్ దాడి బాధితులు, చూపులేనివాళ్లు వేసిన పిటిషన్లపై 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని చెప్పి, కేవైసీ పద్ధతులు మార్చమని ఇరవై ఆదేశాలిచ్చింది.

"కోర్టుకు ఈడిస్తే కోపాలు పెరుగుతాయి"

పెరిగితే పెరగనీ. కోర్టుల మీద అసలైన ఫిర్యాదు వేరే ఉంది, అది ఈ మెసేజ్ రాసినవాళ్లకు తట్టలేదు. చాలామంది వికలాంగులకు కోర్టు మెట్లే ఎక్కడానికి వీలుకాదు. అమెరికాలోని టెనెసీలో వీల్‌చెయిర్ వాడే జార్జ్ లేన్‌కు ఒక కేసులో హాజరవమని పిలుపొచ్చింది. విచారణ పై అంతస్తులో, లిఫ్టు లేదు. మొదటిసారి పాక్కుంటూ మెట్లెక్కాడు. రెండోసారి పాకననీ, ఎవరూ మొయ్యక్కర్లేదనీ కిందే ఉండిపోతే, హాజరుకానందుకు అరెస్టు చేశారు. 2004లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో అతని పక్షాన నిలిచింది. న్యాయస్థానం లోపలికి వెళ్లగలగడం, సైగభాషలో వాదన వినగలగడం, తెరమీది అక్షరాల్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో ఫైళ్లు చదవగలగడం: ఇవి లేకుండా ఏ హక్కు గురించి వాదించినా వాదించేది ఎప్పుడూ వేరేవాళ్లే అవుతారు.

"కొద్దిమంది కోసం అంత ఖర్చా"

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఏదో ఒక గణనీయమైన వైకల్యం ఉన్నవాళ్లు దాదాపు 130 కోట్లు, అంటే ఆరుగురిలో ఒకరు. ఇక ఖర్చు మాట. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి 2006 ఒప్పందం ఒక్కో మనిషి అవసరానికి తగ్గ సర్దుబాటు చేయమంటూనే, అది మోయలేని భారం కాకూడదని నిర్వచనంలోనే రాసింది. భారం నిజంగా మోయలేనిదైతే లెక్కలు చూపించి చెప్పుకోవచ్చు. చాలామంది లెక్కలు చూపించరు, "బడ్జెట్ లేదు" అని ఊరుకుంటారు.

"ఇంట్లోవాళ్లు చూసుకుంటారు"

అసలు గొడవంతా ఇక్కడే ఉంది. బ్యాంకు కౌంటర్ దగ్గర మేధోవైకల్యం ఉన్న ముప్పయ్యేళ్ల మనిషి నిలబడితే, లోపలున్న ఉద్యోగి పక్కనున్న అన్నయ్య వైపు చూసి "ఈయనకేం కావాలండీ?" అంటాడు. డబ్బు ఆ తమ్ముడిది, అకౌంటూ అతనిదే. ఇదే పద్ధతి ఆస్పత్రిలో ఆపరేషన్‌కి, పెళ్లికి, ఆస్తి పంపకానికి, హాస్టల్లో చేర్చడానికి పాకుతుంది. చూసుకునే అన్నయ్యే వాటా రాయించుకునే అన్నయ్య అయినప్పుడు ఎవరు అడుగుతారు?

ఐక్యరాజ్యసమితి ఒప్పందంలోని 12వ అధికరణం వికలాంగులకు అందరితో సమానంగా చట్టపరమైన సామర్థ్యం, అంటే తమ నిర్ణయాలు తామే తీసుకుని సంతకం చేసే హక్కు ఉందంటుంది. దానిపై 2014లో వచ్చిన వివరణ ఇంకో అడుగు ముందుకేసింది. "అతని మంచికే" అనే కొలత పక్కన పెట్టి, అతని ఇష్టం ఏమిటో చేతనైనంతవరకు పట్టుకోమంది. మాట రాకపోతే సైగలు, అలవాట్లు, ఇన్నాళ్లూ దేనికి నవ్వాడు, దేన్ని తోసేశాడు, అన్నీ చూడాలి. పెరూ 2018లో వైకల్యం కారణంగా పెద్దవాళ్లను గార్డియన్ కింద పెట్టే, అంటే వాళ్ల తరఫున వేరొకరు నిర్ణయాలు తీసుకునే పద్ధతిని తీసేసి, మనిషి తనకు తాను సహాయకుల్ని ఎంచుకునే ఏర్పాటు తెచ్చింది.

భారత చట్టం సగం దారిలో ఆగింది. 2016 చట్టం 13వ సెక్షన్ ప్రకారం, సహాయం చేసే మనిషికీ వికలాంగుడికీ డబ్బు, ఆస్తి విషయంలో ప్రయోజనాలు ఢీకొంటే ఆ లావాదేవీ నుంచి సహాయకుడు తప్పుకోవాలి. అన్నదమ్ముల పంపకాల్లో ఈ ఒక్క క్లాజు ఎంత పని చేయగలదో ఆలోచించండి. 14వ సెక్షన్ గార్డియన్‌షిప్‌ని ఫలానా నిర్ణయానికి, ఫలానా కాలానికి పరిమితం చేసింది. అదే సెక్షన్‌లో అవసరమైతే "పూర్తి సహాయం" ఇవ్వొచ్చన్న వెసులుబాటూ ఉంది. పాత గార్డియన్‌షిప్ మొత్తం ఆ సందులోంచి వెనక్కి రావచ్చు.

న్యాయసహాయానికి ఉన్న డబ్బు, మనుషులు తక్కువే కాబట్టి ముందు ఏది పట్టుకోవాలని అడిగితే, నా ఓటు ఈ గార్డియన్‌షిప్ కేసులకే. లిఫ్టు లేని ఆఫీసు మీద ఫిర్యాదుకైనా సంతకం కావాలి, ఆ సంతకం చెల్లదన్నాక మిగతావి ముందుకు కదలవు. గార్డియన్ ఉత్తర్వు వచ్చిన ప్రతిచోటా మూడు ప్రశ్నలతో మొదలుపెట్టవచ్చు. ఏ నిర్ణయం కోసం ఇచ్చారు? ఎన్నాళ్లకు ఇచ్చారు? ఇచ్చేముందు ఆ మనిషిని జడ్జి నేరుగా ఒక్క మాటైనా అడిగారా?