నాలుగిళ్లకు ఒక మనిషి

చలికాలం మొదలైన వారంలోనే ఒకే వీధికి మూడు వ్యాన్లు వస్తాయి. మూడింటిలోనూ దుప్పట్లే. మొదటి వ్యాన్ వాళ్లు బ్యానర్ కట్టి, పంచిపెట్టి, ఫొటో దిగి వెళ్తారు. రెండో వ్యాన్ వచ్చేసరికి జనం పలచబడతారు. మూడోది వచ్చేటప్పటికి పిల్లలు తప్ప ఎవరూ గడప దాటరు. వీధి చివరింటి ముసలాయన దగ్గర ఇప్పుడు మూడు దుప్పట్లున్నాయి. ఆయనకు కావాల్సింది మాత్రం డయాలసిస్‌కు తీసుకెళ్లి, అయ్యాక మళ్లీ ఇంటి దగ్గర దించే మనిషి. ఆ సంగతి మూడు వ్యాన్లలో వచ్చిన వాళ్లెవరికీ తెలీదు. వాళ్లు అడగలేదు, ఆయన చెప్పలేదు. చెబుదామన్నా, రెండు నిమిషాలకు మించి ఎవరూ ఆయన ముందు నిలబడలేదు.

ఇలాంటి వీధి ఏ దేశంలోనైనా ఉంటుంది. వ్యాన్ల వాళ్లను వెక్కిరించడం మా ఉద్దేశం కాదు. సెలవు రోజున పొద్దున్నే లేచి, సొంత డబ్బు పెట్టుకుని వచ్చినవాళ్లు వాళ్లు. తప్పు వాళ్ల మనసులో లేదు. పక్క వ్యాన్‌లో ఏముందో వాళ్లకు తెలియకపోవడంలో ఉంది. ఎవరికి వారే యమునాతీరే అన్నట్టు నడిచే సేవతో వీధిలో సందడి కనిపిస్తుందే గానీ, ఇంట్లో లేమి ఉన్నచోటే ఉంటుంది.

సాయం చేసే మనుషులు కరువైపోయారని నిట్టూర్చడం సంపాదకీయాలకు అలవాటు. మేమూ ఎప్పుడో ఒకప్పుడు అలా రాసే ఉంటాం. కానీ జరిగినవి చూస్తే ఆ నిట్టూర్పుకు ఆధారం దొరకదు. 2020 మార్చిలో కరోనా విరుచుకుపడినప్పుడు, ఇల్లు కదల్లేని వాళ్లకు మందులూ సరుకులూ చేర్చడానికి రెండున్నర లక్షల మంది వాలంటీర్లు కావాలని ఇంగ్లండ్‌లో ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ అడిగింది. కొద్ది రోజుల్లోనే ఏడున్నర లక్షల మంది పేర్లిచ్చారు. ఇక చాలని నమోదు ఆపాల్సి వచ్చింది. అసలు కథ ఆ తర్వాత మొదలైంది. ఫోన్‌లో యాప్ ఆన్ చేసుకుని, ‘నేను సిద్ధం’ అని కూర్చున్న వాళ్లలో చాలామందికి మొదటి వారాల్లో ఒక్క పనీ రాలేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడ అడిగారు, పెట్టేవాళ్లూ వచ్చారు. ఏ గుమ్మం ముందు ఏం పెట్టాలో చెప్పే మనిషే మధ్యలో లేడు. అదే రోజుల్లో వీధుల్లో పుట్టుకొచ్చిన చిన్న చిన్న వాట్సాప్ గ్రూపులకు ఈ ఇబ్బంది అంతగా రాలేదు. ఎందుకంటే పదహారో నంబరు ఇంట్లో ఎవరుంటారో పద్నాలుగో నంబరు వాళ్లకు ఎలాగూ తెలుసు.

ఆ తెలిసిన మనిషిని ఒక పద్ధతిగా తయారు చేసుకున్న ఊరు ఒకటి ఉండేది. జర్మనీలో ఎల్బర్‌ఫెల్డ్, బట్టల మిల్లుల పట్టణం. ఇప్పుడది వుప్పర్టాల్ నగరంలో భాగం. మిల్లులతో పాటే అక్కడ పేదరికమూ పెరిగింది, సాయం ఖర్చు పురపాలక సంఘానికి మోయలేని బరువైంది. 1853లో డేనియల్ ఫాన్ డెర్ హైట్ అనే బ్యాంకరు ముందుండి కొత్త ఏర్పాటు చేయించాడు. పట్టణాన్ని చిన్న చిన్న పేటలుగా విడదీశారు. పేటకు ఒకరు చొప్పున, జీతం లేకుండా పనిచేసే పౌరుణ్ని పెట్టారు. ఒక్కొక్కరి చేతిలో నాలుగు కుటుంబాలకు మించకూడదన్నది నియమం. సాయం ఏదైనా రెండు వారాలకే మంజూరవుతుంది. ఆ రెండు వారాలూ గడిచేలోపు ఆయన మళ్లీ ఆ ఇంటికి వెళ్లి, పరిస్థితి చూసి, పేటల బాధ్యులు కలిసే సమావేశంలో చెప్పాలి.

ఈ ‘నాలుగు’ అన్న అంకె దగ్గర కాసేపు ఆగాలి. నలభై ఇళ్లయితే మనిషి రిజిస్టరు రాస్తాడు. నాలుగిళ్లయితే పిల్లాడు బడి మానేసిన సంగతి ఆ వారమే తెలుస్తుంది, ఇంటాయన పని పోగొట్టుకున్న సంగతి అద్దె బాకీ పడకముందే తెలుస్తుంది. ‘పోయినసారి దగ్గు అన్నావు, తగ్గిందా’ అని అడగ్గలడు. సాయం అందుకునే ఇంటికి ఆ ఒక్క ప్రశ్న ఎంత ఊరటో, ఒకే గోడు నాలుగు కౌంటర్ల దగ్గర నాలుగుసార్లు మొదటి నుంచీ చెప్పుకున్న వాళ్లను అడిగితే తెలుస్తుంది. ప్రతిచోటా అదే ఫారం, అదే జిరాక్స్, అదే ‘రేపు రండి’. పేదవాళ్ల దగ్గర డబ్బు లేదని మనకు తెలుసు. వాళ్ల టైమ్‌ను ఎంత తేలిగ్గా ఖర్చు పెట్టేస్తామో మాత్రం గమనించం.

అలాగని ఎల్బర్‌ఫెల్డ్‌ను నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. అక్కడ సేవ పూర్తిగా ఇష్టపూర్వకం కాదు, ఓటున్న పౌరులు తప్పించుకోలేని బాధ్యత. ఇంటికొచ్చే పెద్దమనిషి కష్టం వినడంతో ఆగేవాడు కాదు, నడవడిక కూడా తూచేవాడు. సాయం తీసుకునేవాళ్లు ఎలాంటి పని చూపించినా ఒప్పుకోవాల్సిందే. పైగా పట్టణాలు నగరాలయ్యాక పద్ధతి బిగువు సడలింది. పేదలంతా ఒక మూల, తీరిక ఉన్నవాళ్లంతా ఇంకో మూల చేరితే నాలుగిళ్లకు ఒకరు ఎక్కణ్నుంచి వస్తారు? 1905లో స్ట్రాస్‌బర్గ్ నగరం దారి మార్చింది. కేసు వివరాలు, మంజూరు లాంటి ఆఫీసు పని జీతగాళ్లకు అప్పగించి, ఇళ్లకు వెళ్లి రావడం వాలంటీర్లకు ఉంచింది. జీతం తీసుకునేవాళ్లు ఉంటే సేవాభావం చస్తుందని వాదించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మాకు తెలిసినంతలో సేవను చంపేది జీతగాళ్లు కాదు. ఫోన్ ఎత్తేవాళ్లు లేకపోవడం, మీటింగ్ ఎప్పుడో చెప్పేవాళ్లు లేకపోవడం.

ఆ జర్మన్ ఆలోచన సముద్రం దాటి జపాన్‌కు చేరింది. ఒకయామాలో 1917లో, ఒసాకాలో 1918లో పేటకొక బాధ్యుణ్ని పెట్టే ఏర్పాట్లు మొదలయ్యాయి. అవే నేటి ‘మిన్‌సెయి ఇయిన్’ (ప్రజాసంక్షేమ బాధ్యులు) వ్యవస్థకు మూలం. 1948 నుంచి దానికి సొంత చట్టం ఉంది. మూడేళ్ల పదవి, జీతం లేదు, తిరుగుడు ఖర్చులు మాత్రం ఇస్తారు. ఒంటరి వృద్ధులను పలకరించడం, కష్టంలో ఉన్న కుటుంబాన్ని సరైన ఆఫీసుకు చేర్చడం వాళ్ల పని. దేశమంతటా రెండు లక్షలకు పైగా ఉన్నారు. కానీ అక్కడ నాలుగు అన్న అంకె ఎప్పుడో పోయింది. నగరాల్లో ఒక్కొక్కరి కింద వందల ఇళ్లు. చేసేవాళ్లలోనే చాలామంది పెద్ద వయసు వాళ్లు. 2022 డిసెంబరులో కొత్త నియామకాలు జరిగినప్పుడు దేశవ్యాప్తంగా 15 వేలకు పైగా స్థానాలు ఖాళీగా మిగిలాయి. అందరూ మెచ్చుకునే వ్యవస్థే, ‘నేనొస్తాను’ అనే మనిషి మాత్రం తగ్గుతున్నాడు.

మరి ఇదే దేశంలో 1995 జనవరిలో కోబే భూకంపం వచ్చినప్పుడు ఏడాది తిరిగేలోపు పది లక్షల మందికి పైగా వాలంటీర్లు తరలివచ్చారు. ఆ ఏడాదిని వాళ్లు ‘స్వచ్ఛంద సేవకు మొదటి సంవత్సరం’ అంటారు. కూలిన ఇల్లు కనిపిస్తే మనిషి పరిగెత్తుకుని వస్తాడు. పేదరికం కూలదు, రోజుకు కొంచెం చొప్పున కుంగుతుంది. దాని పక్కన కూర్చోవడానికి ఆవేశం సరిపోదు, క్యాలెండరు కావాలి. వాలంటీర్లను పిలిచే సంస్థలు దీన్ని ఇంకా సరిగా పట్టించుకోలేదు. ‘సేవ చేయండి’ అని పిలుస్తారే గానీ, ‘మంగళవారం సాయంత్రం రెండు గంటలు, ఆరు నెలలు, ఫలానా ఇల్లు’ అని పిలవరు. రెండో పిలుపు చిన్నదిగా కనిపిస్తుంది. ఒప్పుకోవడానికీ, నిలబడటానికీ వీలైనది అదే.

ఇంతకీ ఎవరు పేదలో ఎవరు తేల్చాలి? దీనిమీద ఇండొనేసియాలో 640 గ్రామాల్లో చేసిన పరిశోధన ఒకటి 2012లో వెలువడింది. కొన్నిచోట్ల ఇంట్లో ఉన్న వస్తువులూ గోడలూ పైకప్పూ లెక్కగట్టి ఫార్ములాతో జాబితా తయారు చేశారు. కొన్నిచోట్ల ఊరివాళ్లనే కూర్చోబెట్టి, ఎవరి పరిస్థితి ఎవరికన్నా కష్టమో వరసపెట్టమన్నారు. ఖర్చుల లెక్కతో పోలిస్తే ఫార్ములా కాస్త మెరుగ్గానే వచ్చింది. కానీ ఊరివాళ్ల జాబితా మీద జనానికి నమ్మకం ఎక్కువ, గొడవలు తక్కువ. పెద్దలు తమవాళ్లను దూర్చేస్తారన్న భయానికి పెద్దగా ఆధారం దొరకలేదు. సంపాదించే చేయి లేని ఇంటినీ, భర్త పోయిన మనిషినీ ఊరు తనదైన తూకంతో చూసింది. ఇంకో ముచ్చట కూడా బయటపడింది. సమావేశం మొదట్లో వరసపెట్టిన ఇళ్ల విషయంలో ఊరి అంచనా బాగా కుదిరింది, పొద్దు గడిచేకొద్దీ తప్పులు పెరిగాయి. కారణం సింపుల్, జనం అలసిపోయారు. కమిటీ మీటింగుల్లో చివరి అరగంట కూర్చున్న వాళ్లెవరికీ ఇది వింతగా అనిపించదు.

జాబితా విషయంలో మా మాట ఇది. ఒక ప్రాంతంలో పనిచేసే సంస్థలన్నిటికీ ఒకే జాబితా ఉండాలి. దాన్ని ఆ ప్రాంతం వాళ్లు కూర్చుని సరిచూడాలి. అయితే ఎవరి రోగం, ఎవరి అప్పు, ఎవరి ఇంటి గొడవ అన్నది ఆ ఇంటివాళ్ల అనుమతి లేకుండా ఆ కాగితం మీదికి రాకూడదు. ‘ఫలానా ఇంటికి ఫలానా వ్యక్తి వెళ్తున్నారు’ అన్న ఒక్క లైను చాలు, మూడు వ్యాన్లు మూడు వీధులకు వెళ్తాయి. సంస్థలు ఇందుకు అంత తేలిగ్గా ఒప్పుకోవు. దాతకు చూపించుకోవడానికి ఎవరి అంకె వాళ్లకు కావాలి. ఆ పట్టుదలను దాతలే వదిలించాలి. ‘ఎన్ని పంచారు’ అని కాదు, ‘పక్క సంస్థతో కలిసి ఏం చేశారు’ అని అడగాలి.

ఈ చర్చలో ఎప్పుడూ గది బయటే నిలబడేది ఎవరి గురించి మాట్లాడుతున్నామో వాళ్లే. అక్టోబరు 17ను పేదరిక నిర్మూలన దినంగా ప్రపంచం పాటించడానికి మూలమైన జోసెఫ్ రెసిన్‌స్కీ స్వయంగా కటిక పేదరికంలో పుట్టి పెరిగిన ఫ్రెంచి మతగురువు. పేదలు సాయానికి లక్ష్యాలు కాదు, భాగస్వాములు అన్నదే జీవితమంతా ఆయన వాదన. ఆయన మొదలుపెట్టిన సంస్థ, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం కలిసి ఆరు దేశాల్లో, పేదరికం అనుభవించిన వాళ్లనే పరిశోధకులుగా కూర్చోబెట్టి చేసిన అధ్యయనం 2019లో వచ్చింది. ఆదాయం, పని లాంటి తెలిసిన లోట్ల పక్కనే, ఆఫీసుల్లో ఎదురయ్యే అవమానం, ఎవరూ గుర్తించని తమ శ్రమ కూడా పేదరికంలో భాగాలేనని వాళ్లు తేల్చారు.

ఆ గుర్తింపు లేని శ్రమ చిన్నది కాదు. ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల విభాగం 2022 నివేదిక ప్రకారం, పనిచేసే వయసు వాళ్లలో సంస్థల ద్వారా నెలనెలా సేవ చేసేవాళ్లు 6.5 శాతమైతే, ఏ సంస్థా లేకుండా నేరుగా పక్కవాళ్లకు చేసేవాళ్లు 14.3 శాతం. అంటే రెట్టింపు దాటింది. పక్కింటి పసిబిడ్డను చూసుకునే ఆవిడ, కాగితం చదవడం రాని వాడికి చదివి పెట్టే కుర్రాడు ఏ రిజిస్టరులోనూ ఉండరు. వీధి చివరి ముసలాయనను ఇప్పటిదాకా ఆసుపత్రికి దించుతున్నదీ ఇలాంటి వాళ్లెవరో అయి ఉంటారు, కూలి పోగొట్టుకుని మరీ. కొత్తగా వాలంటీర్లను వెతికే ముందు ముందుగా వీళ్లను వెతకాలి. వాళ్ల బస్సు ఛార్జీ, ఫోన్ ఖర్చు, ఆ రోజు పోయిన సంపాదన ఎవరు భరిస్తారో తేల్చాలి. లేకపోతే వాలంటీరు అన్న మాట తీరిక కొనుక్కోగలిగిన వాళ్లకే మిగిలిపోతుంది.

అలాగని గంటకింత అని చేతిలో పెట్టడం కూడా మందు కాదు. ఆర్థికవేత్తలు ఊరి గ్నీజీ, ఆల్డో రస్టిచిని ఇజ్రాయెల్‌లో ఇంటింటికీ తిరిగి విరాళాలు వసూలు చేసే విద్యార్థుల మీద చేసిన ప్రయోగం 2000లో ప్రచురించారు. వసూలులో ఒక శాతానికి సమానమైన డబ్బు దక్కుతుందన్న హామీ పొందిన విద్యార్థులు, ఏ హామీ లేకుండా తిరిగిన వాళ్లకన్నా తక్కువ తెచ్చారు. పది శాతం హామీ పొందినవాళ్లు కూడా ఉచితంగా తిరిగిన వాళ్లను అందుకోలేకపోయారు. చిల్లర చేతిలో పడగానే సేవ కాస్తా గిట్టుబాటు కాని కూలిపని అయిపోయింది. ఖర్చు తిరిగి ఇవ్వడం వేరు, పనికి రేటు కట్టడం వేరు. జపాన్ చట్టం ఈ గీతను సరిగ్గానే గీసింది.

ఒక హెచ్చరిక లేకుండా ఈ మాట పూర్తి కాదు. వాలంటీర్లు పెరిగారు కదా అని బడ్జెట్ కోసే ప్రభుత్వాలు ఉంటాయి. చాలని కూలిని, అందని అద్దెను, మూతపడిన ఆసుపత్రిని నాలుగిళ్ల మనిషి బాగుచేయలేడు. బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 2002లో మొదలుపెట్టిన పద్ధతిని తర్వాత ఆరు దేశాల్లో పది వేలకు పైగా కుటుంబాల మీద పరీక్షించి, ఫలితాలు 2015లో ప్రకటించారు. చేతికి ఒక ఆస్తి, కొంతకాలం బతుకు ఖర్చు, శిక్షణ, పొదుపు, తరచూ ఇంటికి వచ్చి కనుక్కునే మనిషి, ఇవన్నీ కలిపి ఇస్తే అంతా ముగిసిన ఏడాది తర్వాత కూడా చాలాచోట్ల మార్పు నిలిచింది. హోండురస్‌లో మాత్రం ఇచ్చిన కోళ్లు జబ్బుతో చచ్చిపోయి, లెక్క తలకిందులైంది. ఆస్తి లేకుండా పలకరింపు ఒక్కటే ఇస్తే ఇంతటి ఫలితం వస్తుందని ఆ పరీక్ష ఎక్కడా చెప్పలేదు. వాలంటీరు పని గోడు విని రావడంతో తీరదు. విన్నదాన్ని డబ్బు, అధికారం ఉన్న ఆఫీసు బల్ల మీదికి చేర్చాలి, జవాబు వచ్చేదాకా కూర్చోవాలి. ఆ జవాబు ఇన్ని రోజుల్లో ఇస్తామని రాసివ్వని పాలకులతో ఒప్పందాలు చేసుకోవద్దని సేవా సంస్థలకు మా సూచన.

ఐక్యరాజ్యసమితి 2026ను సుస్థిరాభివృద్ధి కోసం అంతర్జాతీయ వాలంటీర్ల సంవత్సరంగా ప్రకటించింది. ఇలాంటి సంవత్సరాలకు ర్యాలీలు, టోపీలు, ప్రశంసాపత్రాలు ఎలాగూ ఉంటాయి. వాటితో పాటు ఒక పని జరిగితే బాగుంటుంది. మూడు వ్యాన్ల వాళ్లూ ఒకసారి ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. ఆ వీధి వాళ్లు కూడా అక్కడే, కుర్చీల్లోనే కూర్చోవాలి. నాలుగేసి ఇళ్లు పంచుకుని, ఇంటికో పేజీ చొప్పున ఒక నోటుపుస్తకం పెట్టుకోవాలి. పెళ్లి, ఉద్యోగం, విసుగు, ఏ కారణంతోనైనా వాలంటీరు మానేస్తాడు, అది మామూలే. మానేసే ముందు కొత్తగా వచ్చిన మనిషిని వెంటబెట్టుకుని ఆ నాలుగు గుమ్మాలూ ఎక్కాలి. చివరింటి ముసలాయనకు పరిచయం చేసి, పుస్తకం చేతికిచ్చి, ‘ఈయనకు ఆసుపత్రి మంగళవారం, శుక్రవారం, ఆరింటికే బయల్దేరాలి’ అని చెప్పాలి.