పర్యావరణ హితమైన ఇల్లు సంపన్నులకే సాధ్యమా? ఒక వాదనకు సమాధానం

ఇంటి స్థాయిలో పర్యావరణాన్ని కాపాడుకోవడం గురించి ఎక్కడ చర్చ జరిగినా ఒక వాదన తప్పకుండా ముందుకు వస్తోంది. అదంతా డబ్బున్నవారి వ్యవహారమనీ, ప్లాస్టిక్ మానాలంటే ఇంట్లో సామానంతా మార్చుకోవాలనీ, కరెంటు ఆదా చేయాలంటే సోలార్ ఫలకాలూ కొత్త యంత్రాలూ కొనాలనీ, ఆ స్తోమత లేనివారు చార్జర్ల ప్లగ్గులు తీసేయడం వంటి పనులతో సరిపెట్టుకోవాలనీ, ఇంత చేసినా కాలుష్యంలో 71 శాతం వంద కంపెనీలదే కాబట్టి ఒరిగేదేమీ లేదనీ, అద్దె ఇళ్లలో ఉండేవారికైతే చేయడానికే ఏమీ మిగలదనీ దాని సారాంశం. సామాన్య కుటుంబాల పట్ల సానుభూతితోనే చాలామంది దీన్ని పంచుకుంటున్నారు. కానీ దీన్ని నమ్మితే ఖర్చు లేకుండా చేయగలిగిన పనులు కూడా చేయకుండా ఆగిపోతాం. అందువల్ల ఇందులోని ఒక్కొక్క అంశాన్నీ విడిగా పరిశీలించవలసి ఉంది.

మొదటిది, సామానంతా మార్చుకోవాలన్న మాట. మొత్తం వాదన దీని మీదే నిలబడింది, అసలు పొరపాటు కూడా ఇక్కడే జరిగింది. ఇంగ్లండ్ ప్రభుత్వ పర్యావరణ సంస్థ 2011లో చేతిసంచుల మీద ఒక అధ్యయనాన్ని ప్రచురించింది. ఒకసారి వాడి పారేసే పల్చటి ప్లాస్టిక్ సంచి కన్నా నూలు సంచి వాతావరణానికి తక్కువ హాని చేయాలంటే దాన్ని కనీసం 131 సార్లు వాడాలని అందులో తేలింది. డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018లో మరో పద్ధతిలో లెక్కగట్టి, వాతావరణ మార్పు ఒక్కదాన్నే చూస్తే మామూలు నూలు సంచిని 52 సార్లు, ఓజోన్ పొర, నీరు వంటి అన్ని ప్రభావాలనూ పరిగణిస్తే 7,100 సార్లు వాడాలని చెప్పింది. పత్తి పండించడానికీ, నూలు వడకడానికీ, బట్ట నేయడానికీ అయ్యే నీరు, ఎరువులు, ఇంధనం అంతా ఆ సంచి ఖాతాలోకే వస్తాయి. కాలువల్లోకీ సముద్రంలోకీ చేరే ప్లాస్టిక్ చెత్త వల్ల కలిగే హానిని ఈ రెండు అధ్యయనాలూ లెక్కలోకి తీసుకోలేదు కాబట్టి, ప్లాస్టిక్ మంచిదని వీటి ఆధారంగా ఎవరూ అనలేరు. ఇంట్లో ఇప్పటికే ఉన్న సంచి దేనితో చేసినదైనా సరే, చిరిగేదాకా దాన్నే వాడాలన్నది మాత్రం వీటి నుంచి స్పష్టంగా తెలుస్తోంది.

డబ్బాల విషయమూ అంతే. వేడి పదార్థాలు పోయకుండా, పొడి సరుకులు నిల్వ చేసుకోవడానికి పనికివచ్చే ప్లాస్టిక్ డబ్బాలను పారేసి, వాటి స్థానంలో గాజువో వెదురువో కొనడం వల్ల ఒక చెత్తకుప్ప పెరుగుతుంది, ఒక కొత్త వస్తువు తయారవుతుంది. బట్టల విషయంలో బ్రిటన్‌కు చెందిన ర్యాప్ సంస్థ వేసిన అంచనా గమనించదగినది: ఒక వస్త్రాన్ని మరో తొమ్మిది నెలలు అదనంగా వాడితే దాని వల్ల కలిగే కర్బన భారం, నీటి వాడకం, వ్యర్థం 20 నుంచి 30 శాతం దాకా తగ్గుతాయి. ఊడిన గుండీ కుట్టుకోవడానికీ, కుట్లు విడిపోయిన చోట రెండు కుట్లు వేసుకోవడానికీ సూదీ దారమూ తప్ప మరేమీ అక్కర్లేదు.

పర్యావరణ హితమైనవంటూ ఎక్కువ ధరకు అమ్మే శుభ్రతా ద్రావణాలు కూడా ఈ కోవలోకే వస్తాయి. వాటికి బదులుగా వెనిగర్‌నూ వంటసోడానూ కలిపి వాడమని కొందరు సలహా ఇస్తున్నారు గానీ, ఆ రెండూ కలిస్తే ఒకదాని శక్తిని మరొకటి హరించి, చివరికి ఎక్కువగా మిగిలేది ఉప్పు కలిసిన నీరే. విడివిడిగా వాడితే రెండూ పనికివస్తాయి. బ్లీచింగ్ ద్రావణంలో మాత్రం వెనిగర్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకూడదు, ఎందుకంటే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది.

రెండవ అంశం కొత్త యంత్రాలకు సంబంధించినది. ఇందులో సగం నిజం ఉంది కాబట్టి జాగ్రత్తగా విడదీసి చూడాలి. కొన్ని వస్తువుల భారం ప్రధానంగా వాటి తయారీలో ఉంటుంది, సంచులూ బట్టలూ అటువంటివి. మరికొన్నింటి భారం వాటిని నడపడంలో ఉంటుంది. పాత ఫిలమెంట్ బల్బు ఈ రెండో రకానికి చెందినది. అది తీసుకునే కరెంటులో చాలా భాగం వేడిగానే పోతుంది. 60 వాట్ల బల్బును రోజుకు అయిదు గంటలు వెలిగిస్తే ఏడాదికి దాదాపు 110 యూనిట్లు ఖర్చవుతాయి, అంతే వెలుగునిచ్చే 9 వాట్ల ఎల్‌ఈడీకి 16 యూనిట్లు చాలు. కనుక ఆ బల్బు మాడిపోయేదాకా ఆగనవసరం లేదు, ఇవాళే తీసేయవచ్చు. ఇంటి మొత్తానికి ఒకేసారి మార్చలేనివారు ఎక్కువసేపు వెలిగే గదితో మొదలుపెట్టవచ్చు.

ఫ్రిజ్‌ను మాత్రం ఇంత తేలిగ్గా తీర్మానించలేం. మరీ పాతదై, ఆగకుండా నడుస్తూ ఉంటే మార్చడమే మేలు. అంతకన్నా ముందు ఒక కాగితాన్ని తలుపు సందులో పెట్టి మూసి, మెల్లగా లాగి చూడాలి. ఏ పట్టూ లేకుండా జారి వచ్చేస్తే ఆ చోట రబ్బరు గాస్కెట్ వదులైనట్టే, చల్లదనం అక్కడి నుంచే పోతోంది. గాస్కెట్‌ను గోరువెచ్చని సబ్బునీళ్లతో తుడిచి, అప్పటికీ బిగియకపోతే దాన్నొక్కదాన్నే మార్చుకోవచ్చు. వెనుక తీగచుట్ట మీద పేరుకున్న దుమ్ము దులిపి, గోడకు కాస్త దూరంగా జరిపితే కంప్రెసర్ మీద భారం తగ్గుతుంది. సోలార్ ఫలకాలు పెట్టించుకోగలవారు నిశ్చింతగా పెట్టించుకోవచ్చు, కానీ వృథాను ఆపడం వాటి కన్నా ముందు చేయవలసిన పని.

మూడవది చార్జర్ల సలహా. దీన్ని ఇంకొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే మనిషికి ఉన్న శ్రద్ధంతా ఇటువంటి చోట ఖర్చయిపోతోంది. ఐరోపా యూనియన్‌లో 2020 నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం ఫోను చార్జరు వంటిది ఖాళీగా ఉన్నప్పుడు 0.1 వాట్‌కు మించి తీసుకోకూడదు. ఆ లెక్కన అది ఏడాది పొడవునా ప్లగ్గులోనే ఉన్నా ఒక్క యూనిట్ కూడా దాటదు. 40 లీటర్ల నీటిని 20 డిగ్రీల మేర వేడి చేయడానికి దాదాపు అంతే కరెంటు, అంటే 0.9 యూనిట్ పైచిలుకు, కావాలి. మామూలు షవర్ కింద నాలుగైదు నిమిషాల్లో 40 లీటర్లు ఖర్చయిపోతాయి. అంటే చార్జరు ఏడాదంతా తీసుకునేదాన్ని ఒక మనిషి ఒక్కపూట వేడినీళ్ల స్నానంలో వాడేస్తున్నాడు. అందువల్ల ఇంట్లో మొదట చూడవలసినది వేడి పుట్టించే పరికరాలను. గీజర్‌ను అవసరమైనప్పుడే వేయడం, నీటి వేడిని నియంత్రించే దాని థర్మోస్టాట్‌ను తగ్గించడం, బట్టలను చల్లటి నీటితోనే ఉతకడం, గిన్నె మీద మూత పెట్టి వండడం వంటి పనులకు ఖర్చేమీ ఉండదు. వేడినీటితో ఉతికే వాషింగ్ మెషీన్ తీసుకునే కరెంటులో ఎక్కువ భాగం నీటిని కాచడానికే పోతుంది. చిన్న పనులన్నీ సమానమైనవి కావన్న సంగతిని ఈ వాదన పూర్తిగా విస్మరించింది.

నాలుగవది 71 శాతం మాట. ఈ అంకె 2017లో, కంపెనీల కర్బన ఉద్గారాల వివరాలు సేకరించే సీడీపీ సంస్థ విడుదల చేసిన కార్బన్ మేజర్స్ నివేదికలోనిది. 1988 నుంచి వెలువడిన పారిశ్రామిక హరితగృహ వాయువులలో (భూమిని వేడెక్కించే వాయువులలో) 71 శాతానికి బొగ్గు, చమురు, సహజవాయువు వెలికితీసే వంద సంస్థలతో సంబంధం ఉందని అది చెప్పింది. వాటిలో ప్రభుత్వ రంగ సంస్థలు కూడా ఉన్నాయి. అయితే ఆ సంస్థల పేరిట లెక్కగట్టిన ఉద్గారాలలో దాదాపు 90 శాతం, అవి అమ్మిన ఇంధనాన్ని ఇతరులు మండించగా వచ్చినవేనని అదే నివేదికలో ఉంది. మన వాహనంలో కాలే పెట్రోలూ, మన గీజర్‌కు కరెంటు ఇచ్చే బొగ్గూ ఆ 71 శాతంలోనే ఉన్నాయి. ఇలా అన్నంత మాత్రాన కంపెనీల బాధ్యత తగ్గిపోదు. కరెంటు దేని నుంచి తయారు కావాలో, పాడైన యంత్రానికి విడిభాగాలు దొరకాలో వద్దో నిర్ణయించేది ఇళ్లలో ఉండేవారు కాదు. ఆ నిర్ణయాలు తీసుకునేవారిని నిలదీయడానికీ ఇంట్లో వృథా ఆపడానికీ మధ్య పోటీ ఉందనుకోవడమే ఈ వాదనలోని లోపం.

పైగా ఇళ్ల వాటా చిన్నదేమీ కాదని తేల్చే రంగం ఒకటి ఉంది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా 105 కోట్ల టన్నుల ఆహారం వ్యర్థమైంది, అందులో 60 శాతం ఇళ్లలోనే జరిగింది. పొలం నుంచి పళ్లెం దాకా జరిగే ఆహార నష్టమూ వృథా కలిసి హరితగృహ వాయువులలో 8 నుంచి 10 శాతానికి కారణమవుతున్నాయి. కొనేముందు ఇంట్లో ఏముందో చూసుకోవడం, ముందు కొన్నవి ఫ్రిజ్‌లో ముందు వరుసలో పెట్టడం వంటి వాటితో డబ్బు మిగులుతుందే తప్ప ఖర్చు కాదు. తప్పనిసరిగా మిగిలే తొక్కలనూ కాడలనూ చెత్తకుప్పకు పంపితే గాలి ఆడని చోట కుళ్లి మీథేన్ అనే హరితగృహ వాయువును వెలువరిస్తాయి. చిల్లులు పెట్టిన పాత బకెట్‌లో ఎండుటాకులు ఒక పొర, తడి చెత్త ఒక పొర చొప్పున వేసి, వారానికొకసారి కలియబెడితే ఎరువవుతుంది. వాసన వచ్చిందంటే తడి ఎక్కువైందని గ్రహించి, మరికొన్ని ఎండుటాకులు వేయాలి.

ఇక అద్దె ఇళ్ల సంగతి. పైకప్పుకు వేడి తగలకుండా చేయించడం, కిటికీలు మార్చడం వంటివి అద్దెకున్నవారి చేతిలో లేవన్నది నిజమే, వాటి కోసం యజమానుల మీద నిబంధనలు పెట్టమని అడగడమే దారి. కానీ ఎల్‌ఈడీ బల్బులు మనతోపాటు ఇల్లు మారతాయి. సెకనుకు ఒక చుక్క చొప్పున కారే కుళాయి నుంచి రోజుకు 20 లీటర్లకు పైగా నీరు పోతుంది, దానికి చాలాసార్లు అరిగిన వాషర్ మార్చితే సరిపోతుంది. మరుగుదొడ్డి ఫ్లష్ ట్యాంకులోని లీకు కంటికీ చెవికీ తెలియకుండానే జరిగిపోతూ ఉంటుంది. ట్యాంకు నీటిలో కొన్ని చుక్కల రంగు వేసి, ఫ్లష్ చేయకుండా పది నిమిషాలు ఆగి చూడాలి. కింది గిన్నెలో రంగు కనిపిస్తే ట్యాంకు అడుగున ఉండే రబ్బరు మూత సరిగా కూర్చోవడం లేదని అర్థం, ఆ ఒక్క మూత మార్చితే లీకు ఆగిపోతుంది.