ఫుల్లీ ఫండెడ్ అంటారు గానీ...

విదేశాల్లో చదువుకోడానికిచ్చే ఫుల్లీ ఫండెడ్ స్కాలర్‌షిప్ వస్తే ఫీజు, విమానం టికెట్, నెలనెలా ఖర్చులు అన్నీ వాళ్లే ఇస్తారు, నిజమే. కానీ అదంతా సెలెక్ట్ అయ్యాక. అప్పటిదాకా ఖర్చు మనదే. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష రాయడానికి శ్రీకాకుళం నుంచి వైజాగ్ వెళ్లాలి. ఫీజు వేలల్లో, స్కోరు చెల్లేది 2 ఏళ్లే. ఆలోపు స్కాలర్‌షిప్ రాకపోతే మళ్లీ కట్టాల్సిందే. పొలం మీద బతికే ఇంట్లో ఆ డబ్బు రెండోసారి అడగడానికి నోరు రాదు.

అన్నిటికన్నా కడుపు మండేది రికమండేషన్ లెటర్ల దగ్గర. "నువ్వే రాసి తీసుకురా బాబూ, సంతకం పెడతాను" అంటారు మా సారు. మంచి మనిషే, పాఠం బాగా చెప్పారు. కానీ నా గురించి ఆయనకు తెలిసింది నేనెలా రాయను? పైగా పోర్టల్లో కాలేజీ మెయిల్ ఐడీ అడుగుతారు. మా సారుకున్నది జీమెయిల్ ఒక్కటే. కాలేజీ ఆయనకి మెయిల్ ఇవ్వకపోతే ఆ లెటర్‌ని నమ్మేదెవరు?

బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవెనింగ్ స్కాలర్‌షిప్‌కైతే 2,800 గంటల ఉద్యోగ అనుభవం ఉండాలి. నరసన్నపేటలో చిన్న ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పే అమ్మాయికి ఆ గంటలకు కాగితం ఎవరిస్తారు? జీతమే నోట్లుగా చేతికిస్తారు కదా.

ఇక ట్రాన్స్‌క్రిప్టులు, అంటే యూనివర్సిటీ ఇచ్చే మార్కుల కాగితాలు. కొన్ని స్కాలర్‌షిప్పులకి గడువు అక్టోబరులోనే పడుతుంది, మనకేమో అప్పుడే దసరా సెలవులు. యూనివర్సిటీ కౌంటర్లో అడిగితే "సెక్షన్ సారు లేరు, సెలవులయ్యాక రా" అంటారు. సెలవులయ్యేసరికి గడువు కూడా అయిపోతుంది. డబ్బు కట్టి, ఫారం నింపి ముందే ఇచ్చాం కదా, ఆ నాలుగు కాగితాలూ పండక్కి ముందే ఇచ్చేస్తే వాళ్లదేం పోతుంది?